67 కోట్ల ఏళ్ళలో 160 కోట్ల సూర్యుల బరువు ఎలా వచ్చింది?

(తెర మీద: క్వేసార్ చిత్రం, పక్కన అంకెలు)

విశ్వం పుట్టి 1380 కోట్ల ఏళ్ళయింది. అందులో మొదటి 67 కోట్ల ఏళ్ళకే, జె0313-1806 అనే క్వేసార్ (బ్లాక్ హోల్ మింగే వాయువు వల్ల విపరీతంగా వెలిగే గెలాక్సీ కేంద్రం) నడిబొడ్డున ఓ బ్లాక్ హోల్ తయారైపోయింది. బరువు 160 కోట్ల సూర్యులంత! అంత తొందరగా ఎలా పెరిగింది? లెక్క వేద్దాం.

బ్లాక్ హోల్ ఇష్టమొచ్చినట్టు మింగలేదు. లోపలికి పడే వాయువు మండిపోతూ వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగే వెనకొచ్చే వాయువును బయటికి నెట్టేస్తుంది. దీన్నే ఎడింగ్టన్ పరిమితి అంటారు. ఆ పరిమితి అంచున తింటూ పోయినా, బరువు రెట్టింపు కావడానికి దాదాపు మూడున్నర కోట్ల ఏళ్ళు కావాలి.

మొదటి తరం నక్షత్రం చచ్చిపోయి 100 సూర్యుల బరువున్న బ్లాక్ హోల్ మిగిలిందనుకోండి. 24 సార్లు రెట్టింపవ్వాలి. అంటే 84 కోట్ల ఏళ్ళు! ఉన్నదే 67 కోట్లు. అందులోనూ మొదటి నక్షత్రాలు పుట్టేసరికే దాదాపు 10 కోట్లు పోయాయి.

(ధవళేశ్వరం బ్యారేజీ, డ్రోన్ షాట్)

ఇక్కడ చూడండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలుతుంది. కిందికి వెళ్తే వసిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. ఆ పైన కాలువలు, పంట బోదెలు. తొలి వాయు మేఘాలూ మామూలుగా ఇలాగే చీలేవి. హైడ్రోజన్ అణువులు మేఘాన్ని చల్లబరిస్తే అది ముక్కలై, ఒక్కో ముక్కా నక్షత్రమవుతుంది. కానీ పక్క గెలాక్సీ నుంచి అతినీలలోహిత కాంతి గట్టిగా పడితే ఆ అణువులు విరిగిపోతాయి. మేఘం చల్లబడదు, చీలదు. మొత్తం ఒక్కచోటే కుప్పకూలి, ఏకంగా లక్ష సూర్యుల బరువున్న బ్లాక్ హోల్ కావచ్చు.

అక్కడ మొదలైతే 14 రెట్టింపులు చాలు. 49 కోట్ల ఏళ్ళు. లెక్క సరిపోయింది!

కోయంబత్తూరులో పుట్టిన ప్రియంవద నటరాజన్, సహ శాస్త్రవేత్తలతో కలిసి, ఇలా పుట్టిన బ్లాక్ హోల్ జేమ్స్ వెబ్‌కు ఎలా కనిపిస్తుందో 2017లోనే లెక్కగట్టారు. అప్పటికి ఆ టెలిస్కోపు నింగికెగరనే లేదు. 2023లో వెబ్, చంద్ర ఎక్స్-రే టెలిస్కోపులు కలిసి యూహెచ్‌జడ్1 గెలాక్సీలో ఓ బ్లాక్ హోల్‌ను పట్టుకున్నాయి. విశ్వానికి అప్పుడు 47 కోట్ల ఏళ్ళు. దాని బరువు ఆ గెలాక్సీలోని నక్షత్రాలన్నిటి బరువుతో సమానంగా ఉంది! నక్షత్రం చచ్చి మిగిలిన చిన్న బ్లాక్ హోల్‌తో మొదలైతే ఇలా ఉండడం చాలా కష్టం. అందుకే నా మొగ్గు కుప్పకూలిన మేఘం వైపే.

ఇంకో దారీ ఉంది. కొన్ని బ్లాక్ హోల్స్ అప్పుడప్పుడు పరిమితి దాటి మింగి ఉండొచ్చు. బిగ్ బ్యాంగ్ తర్వాత తొలి సెకనులోనే పుట్టినవీ ఉండొచ్చని హాకింగ్ 1971లో రాశారు, కానీ అలాంటిది ఒక్కటీ ఇంకా దొరకలేదు.

తేల్చాల్సింది లీసా. 2030ల నడుమ యూరప్ పంపబోయే ఈ మూడు అంతరిక్ష నౌకలు, ఆ తొలినాటి బ్లాక్ హోల్స్ ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలను, అంటే స్థలకాలంలో లేచే అలలను, వింటాయి. ఢీకొన్న వాటి బరువెంతో ఆ తరంగాల్లోనే తెలుస్తుంది. దాన్నిబట్టి అవి చిన్నగా మొదలయ్యాయో, పెద్దగా మొదలయ్యాయో తేల్చుకోవచ్చు.