చైనావారి అధికమాసం

అందరికీ నమస్కారం.

చైనా పంచాంగం అనగానే మనకు గుర్తొచ్చేవి జంతువులు. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడి, కుక్క, పంది. ఏడాదికొక జంతువు పేరు. 2026లో గుర్రం ఏడాది ఫిబ్రవరి 17న మొదలవుతుంది. కాబట్టి ఆ జనవరిలో పుట్టిన బిడ్డది వాడుక ప్రకారం పాము ఏడాదే.

ఈ పన్నెండింటికి పది పేర్ల మరో వరుస జోడిస్తే అరవై ఏళ్ల చక్రం వస్తుంది. 10, 12ల క.సా.గు. 60 కదా! ఆ జోడింపులో 2026 ‘అగ్ని గుర్రం’. అంతకుముందు వచ్చింది 1966లో. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుణ్ణి మింగేస్తుందని జపాన్‌లో ఒక నమ్మకం. దానికి భయపడి ఎంతమంది పిల్లల్ని వద్దనుకున్నారో చూడండి: 1965లో 18 లక్షలు దాటిన జననాలు 1966లో 13.6 లక్షలకు పడిపోయాయి. ఆ అంకెలు చూస్తే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

అసలు అందం నెలల లెక్కలో ఉంది. పన్నెండు చాంద్రమాసాలకు సుమారు 354 రోజులే. ఏటా పదకొండు రోజుల లోటు. దాన్ని పూడ్చడానికి పందొమ్మిదేళ్లలో ఏడు అధికమాసాలు కావాలి. ఎక్కడ వేయాలి? సూర్యుడి దారిలో 30 డిగ్రీలకొక గీత ఉందనుకోండి. పదమూడు నెలలు వచ్చే ఏట, సూర్యుడు ఏ గీతనూ దాటని మొదటి నెలే అధికం. సంక్రాంతి (సూర్యుడు రాశి మారడం) లేని మాసం అధికమాసమని మన పంచాంగకర్తలు చెప్పేదీ ఇదే!

మరి వాళ్ల అధికమాసం, మన అధికమాసం ఒకేసారి ఎందుకు రావు? 2025 చూడండి. సూర్యుడు చైనావారి గీతల్ని జులై 22న ఒకసారి, ఆగస్టు 23న ఒకసారి దాటాడు. జులై 25న మొదలైన నెల ఆగస్టు 22తో ముగిసింది. మధ్యలో దాటింది ఏమీ లేదు కాబట్టి వాళ్లకది అధిక ఆరో నెల. అదే నెల మనకు శ్రావణం, వరలక్ష్మీ వ్రతం చేసుకున్న నిజమాసం. ఎందుకంటే మన సింహ సంక్రమణం ఆగస్టు 17న, నెల నడుమ పడింది. వాళ్లు విషువత్తు (పగలూ రాత్రీ సమానమైనప్పుడు సూర్యుడుండే చోటు) నుంచి కొలుస్తారు, మనం నక్షత్రాల నుంచి. రెండు లెక్కలకూ తేడా సుమారు 24 డిగ్రీలు.

2026లో వరస తిరగబడుతుంది. మే 17 నుంచి జూన్ 15 దాకా మనకు అధిక జ్యేష్ఠం. మే 21న సూర్యుడు వాళ్ల 60 డిగ్రీల గీత దాటేస్తాడు గనుక, చైనాలో అది మామూలు నాలుగో నెల.