మొటిమల వాపుకు మూలికల సారం: నిదానమే దాని గుణం

సభకు విచ్చేసిన పెద్దలకు, తల్లిదండ్రులకు, ముఖ్యంగా వెనుక వరుసల్లో కూర్చున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

పర్లాకిమిడిలోని మన తెలుగు ఇళ్ళలో పిల్లల ముఖం మీద మొటిమలు కనబడగానే ముందుగా పెరట్లోని వేపచెట్టు, సవర రైతులు సంతలో దించే కొండ పసుపు, కుండీలోని కలబంద గుర్తుకు వస్తాయి. ఆ నమ్మకాన్ని కొట్టివేయడానికి నేను రాలేదు. ఆ మొక్కల సారం మొటిమల వాపును ఏ మేరకు తగ్గిస్తుందో, ఏ మేరకు తగ్గించలేదో చెప్పడమే ఈనాటి నా ఉద్దేశం.

మొటిమలు మురికి వల్ల పుట్టవు. యౌవనంలో ఆండ్రోజెన్ హార్మోన్ల ప్రభావంతో చర్మంలోని తైలగ్రంథులు సెబమ్ అనే జిడ్డును ఎక్కువగా స్రవిస్తాయి; మృతకణాలు రాలిపోకుండా పేరుకుని రోమకూపాన్ని మూసివేస్తాయి; అక్కడ సహజంగానే ఉండే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ అనే సూక్ష్మజీవి ఆ జిడ్డులో వృద్ధి చెంది రోగనిరోధక కణాలను రెచ్చగొడుతుంది. ఆ కణాలు విడుదల చేసే ఇంటర్‌ల్యూకిన్ల వంటి రసాయనాల వల్లనే ఎరుపు, వాపు, చీము ఏర్పడతాయి. సుశ్రుత సంహిత కూడా యువకుల ముఖంపై బూరుగు ముళ్ళ వలె లేచే ఈ పొక్కులను కఫ, వాత, రక్త దోషాలతో ముడిపెట్టిందే గాని అపరిశుభ్రతతో కాదు. సబ్బుతో పదేపదే ముఖం తోమేవారు ఇది గమనించాలి.

ఇక పసుపు. అందులోని కర్క్యుమిన్, కణాల్లో వాపును నడిపించే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే సంకేత వ్యవస్థను అణచివేస్తుందని ప్రయోగశాలల్లో రుజువైంది. అయితే కర్క్యుమిన్ నీటిలో దాదాపు కరగదు, ఆల్కహాలులో కరుగుతుంది. అందుచేత కొమ్మును సానమీద నీటితో అరగదీసి పూసినప్పుడు రంగు చర్మానికి పట్టినంతగా మందు లోపలికి పట్టదు. సారం తీయడమంటే తగిన ద్రావకంలో పనిచేసే పదార్థాన్ని రాబట్టి, దాని మోతాదును నిర్ణయించడం. నూరిన ముద్దకు ఆ లెక్క ఉండదు. పైగా శనగపిండి నలుగుతో గట్టిగా రుద్దితే వాచిన మొటిమలు చితికి, మన చామనఛాయ చర్మంపై నెలల తరబడి నల్లమచ్చలు మిగులుతాయి. నిమ్మరసం మరీ ప్రమాదం. ఆమ్లత్వాన్ని కొలిచే పిహెచ్ అంకె ఎంత తగ్గితే పులుపు అంత ఘాటు; చర్మపు పిహెచ్ సుమారు 5 కాగా, దానిది 2కు దగ్గరగా ఉంటుంది.

కలబందను కోసినప్పుడు తొక్క కిందినుండి పసుపుపచ్చని చేదు రసం కారుతుంది. అది చర్మాన్ని మండిస్తుంది. కోసిన మట్టను కొంతసేపు నిలబెట్టి, ఆ రసం పూర్తిగా కారిపోయాక కడిగి, లోపలి తెల్లని గుజ్జును మాత్రమే తీసుకోవాలి. ఈ గుజ్జుతో తయారైన జెల్‌ను మొటిమలపై పూసే ట్రెటినాయిన్ అనే మందుతో కలిపి వాడినప్పుడు, ట్రెటినాయిన్ ఒక్కదానికన్నా మెరుగైన ఫలితం వచ్చినట్లు ఒక చిన్న అధ్యయనం తెలిపింది. మందుకు అది తోడు మాత్రమే, ప్రత్యామ్నాయం కాదు.

మూలికల్లో బలమైన ఆధారాలున్న వాటిలో ఒకటి మన ప్రాంతానిది కాదు, ఆస్ట్రేలియాకు చెందిన టీ ట్రీ అనే చెట్టు ఆకుల నూనె. 1990లో అక్కడ 124 మందిపై జరిగిన పరీక్షలో 5 శాతం టీ ట్రీ జెల్‌ను మొటిమలకు వాడే మందైన 5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్‌తో పోల్చి చూశారు. రెండూ మొటిమలను తగ్గించాయి. టీ ట్రీ ఆలస్యంగా పనిచేసింది, కాని దుష్ప్రభావాలు తక్కువగా కలిగించింది. ఆ నూనెను పలచన చేయకుండా పూయరాదు. మూత తీసి ఉంచినందున గాలి తగిలి పాతబడిన సీసా ఎలర్జీని తెచ్చిపెడుతుంది. ఏ మూలికా లేపనాన్నయినా ముందుగా ముంజేతి లోపలివైపు కొద్దిగా రాసి, రెండు రోజులు గమనించిన తరువాతే ముఖానికి వాడండి.

తల్లిదండ్రులు ఒక విషయాన్ని ప్రత్యేకంగా వినాలి. మొటిమలకు సరైన చికిత్స ఏదైనా ఫలితం చూపడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. డబ్బాపై ఆకుల బొమ్మ ఉండి, రెండు రోజుల్లోనే ముఖం నున్నగా, తెల్లగా మారితే, సంతోషించకండి, అనుమానించండి. అందులో బెటామెథసోన్ వంటి స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. అటువంటి క్రీములు వాపును తాత్కాలికంగా అణచి, క్రమంగా చర్మాన్ని పలచబరచి, మానగానే మొటిమలను రెట్టింపుగా తిరిగి తెస్తాయి. ఈ దుర్వినియోగం పెరగడం వల్లనే 2018లో కేంద్ర ప్రభుత్వం పలు స్టెరాయిడ్ క్రీములను వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. లైసెన్సు నంబరు, ద్రవ్యాల జాబితా ముద్రించని డబ్బాను కొనవద్దు.

తేలికపాటి ఎర్రని మొటిమలకు మూలికల సారాన్ని ఎనిమిది వారాలు ప్రయత్నించడంలో తప్పు లేదు. చర్మం లోతున నొప్పిగల గడ్డలు, గుంటలు పడే మచ్చలు కనిపిస్తే మాత్రం ఆ గడువు వరకు ఆగకుండా చర్మవైద్యుని వద్దకు వెళ్ళండి. వెళ్ళేటప్పుడు అంతవరకు వాడిన డబ్బాలు, సీసాలు, ఖాళీ ట్యూబులతో సహా, అన్నీ వెంట తీసుకువెళ్ళండి; స్టెరాయిడ్ వాడి ఉంటే దానిని ఎలా మాన్పించాలన్నది వైద్యుడు ముందుగా నిర్ణయించవలసి ఉంటుంది.