ఇంట్లో శిల్పానికి చోటు

సభకు నమస్కారం. పురాతన శిల్పాలను, పాతకాలపు బొమ్మలను, ఆధునిక శిల్పాలను ఇంటి అలంకరణలో ఎలా ఇముడ్చుకోవాలన్నది నేటి ప్రసంగ విషయం. మన శ్రీకాకుళంలో కొత్తగా కట్టుకుంటున్న ఇళ్లు చూస్తే శిల్పం మీద మక్కువ పెరిగిందని తెలుస్తోంది. అయితే ఆ మక్కువ చాలావరకు కొనడం దగ్గరే ఆగిపోతోంది. గాజు తలుపుల బీరువాలో ఇత్తడి వినాయకుడు, పింగాణీ గుర్రాలు, పాలరాతి ఏనుగు, ఎవరి పెళ్లిలోనో వచ్చిన జ్ఞాపికలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడి ఉంటాయి. వాటిలో మంచి పనితనమున్నది ఒకటి ఉన్నా అది కంటికి ఆనదు. శిల్పానికి ముందుగా కావలసినవి చుట్టూ కాస్త ఖాళీ, పక్క నుంచి పడే వెలుగు. ఈ రెండూ కుదిరితే చవకలో కొన్న మట్టిబొమ్మ కూడా గదిని నిలబెడుతుంది.

ఈ సంగతి నేర్చుకోవడానికి మనం దూరం వెళ్లనక్కరలేదు. వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగానికి మీలో చాలామంది వెళ్లే ఉంటారు. కళింగ శైలి శివాలయాల్లో గర్భగుడి వెలుపలి మూడు గోడలకూ మూడు పెద్ద గూళ్లు ఉండటం, వాటిలో వినాయకుడు, కుమారస్వామి, అమ్మవారు ఒక్కొక్క గోడకు ఒక్కరుగా కొలువుండటం ఆచారం. గోడ నిండా లతలూ జంతువులూ చిన్న చిన్న మూర్తులూ ఎన్ని ఉన్నా, అవన్నీ తగ్గి ఉంటాయి. పెద్ద గూటిలోని మూర్తి ఒక్కటే లోతుగా, నీడలో, తన చట్రంలో తాను నిలుస్తుంది. ప్రదక్షిణ చేసేవాడు ఒకసారి ఒక మూర్తినే చూస్తాడు. పొద్దు తిరిగే కొద్దీ వెలుగు ఏటవాలుగా పడి ముక్కు, పెదవి, నడుము వంపు ఒక్కొక్కటిగా తేలుతాయి. ఆ గుళ్లు కట్టిన స్థపతులు గోడను ఎక్కడ నింపాలో ఎంత బాగా ఎరుగుదురో, ఎక్కడ తగ్గించాలో కూడా అంత బాగా ఎరుగుదురు. మన పెంకుటిళ్లలో దీపం పెట్టుకునే గోడ గూడు కూడా ఇదే పని చేసేది. ఇప్పటి ఫ్లాట్లలో ఆ గూడు పోయి, దాని చోట సీలింగులో వరసగా బిగించిన ఎల్.ఇ.డి. దీపాలు వచ్చాయి. నడినెత్తిన పడే ఆ వెలుగులో కళ్లకింద నీడలు పడి దేవతామూర్తులు సైతం అలసినట్టు కనిపిస్తాయి. ఎదురుగా పడే వెలుగు ఇంకా చెడ్డది, అది లోతునంతా మింగేస్తుంది. కనుక కిటికీకి ఎదురుగా కాక కిటికీ పక్క గోడకు శిల్పాన్ని ఉంచండి. రాత్రికి ఒక చిన్న దీపాన్ని ఒక పక్కన, కాస్త పై నుంచి పడేలా అమర్చుకోండి.

ఎత్తు విషయంలో మనం సాధారణంగా నిలబడి నిర్ణయిస్తాం, కూర్చుని చూస్తాం. సోఫాలో కూర్చున్నవారి కంటి ఎత్తు నేల నుంచి మూడున్నర, నాలుగు అడుగుల మధ్య ఉంటుంది. శిల్పంలో ముఖం ఆ దరిదాపుల్లోకి రావాలి. పరిమాణం గురించి దిగులు అక్కరలేదు. మొహెంజొదారోలో దొరికిన నర్తకి కంచుబొమ్మ ఎత్తు 10.5 సెంటీమీటర్లే, అయినా ఆ నడుము మీద చెయ్యి పెట్టుకున్న ధీమా గదంతా పరుచుకునేదే. బరువు మాత్రం లెక్క చూసుకోవలసినదే. నల్లరాయి ఘనపుటడుగుకు సుమారు 75 కిలోలు తూగుతుంది. మేడ మీది గదిలో మూడడుగుల రాతి విగ్రహం పెట్టదలచుకుంటే దూలానికి, స్తంభానికి దగ్గరగా పెట్టాలి, ఇంజినీరును ఒక మాట అడగాలి.

ఇక పురాతన శిల్పాల దగ్గరకు వస్తాను. ఇక్కడ కాస్త కటువుగా మాట్లాడక తప్పదు. 1972 నాటి పురావస్తు, కళానిధుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం నూరేళ్లకు తక్కువ కాని శిల్పం పురావస్తువు. రాయి, లోహం, మట్టితో చేసిన అటువంటి శిల్పం సొంతంగా ఉన్నవారు ఛాయాచిత్రాలతో సహా దానిని నమోదు చేయించుకోవాలి. లైసెన్సు లేనివారు అమ్మే వ్యాపారం చేయకూడదు. ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడం పూర్తిగా నిషిద్ధం. పొలం దున్నుతుంటే విగ్రహం బయటపడితే అది దొరికినవాడి సొత్తు అన్న నమ్మకం కూడా సరికాదు. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం కింద పది రూపాయల విలువ మించినది ఏది దొరికినా కలెక్టరుకు తెలియజేయాలి. కనుక ఎవరైనా ‘పాత గుడిది, చవగ్గా వస్తుంది’ అంటే ఆ బేరం దగ్గర నిలబడకండి. చట్టం మాట అటుంచినా, మూలం తెలియని శిల్పానికి సగం విలువ పోయినట్టే. 1919లో గిడుగు రామమూర్తి గారు మన జిల్లాలోని శాలిహుండం బౌద్ధ స్థలాన్ని వెలుగులోకి తెచ్చారు. అక్కడి తార, మారీచి అనే బౌద్ధ దేవతల మూర్తులు ఈనాటికీ ఆ కొండ దగ్గరి మ్యూజియంలోనే ఉండటం వల్లనే, ఈ తీరంలో బౌద్ధం ఏయే దశలు దాటిందో మనం చెప్పగలుగుతున్నాం. అవే మూర్తులు ఎవరి డ్రాయింగు రూములోకో చేరి ఉంటే రెండు అందమైన రాళ్లుగా మిగిలేవి. పురాతన శిల్పాన్ని దాని చోటికి వెళ్లి చూడటమే మేలని నా అభిప్రాయం. ఆ రూపం మీద అంత ఇష్టమైతే, నేటి శిల్పి చేత ఆ పోలికలో కొత్తగా చెక్కించుకోవచ్చు. అది కొత్తదని చెప్పుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు.

మన ఇళ్లకు అసలు తగినవి నూరేళ్లలోపు పాతకాలపు వస్తువులు. అటక మీద బోర్లించిన దీపపు సెమ్మె, గుమ్మం మీది చెక్క గజలక్ష్మి, పడగొట్టిన పాత ఇంటి కంభం బోదె వంటివి మన ఊళ్లలోనే దొరుకుతాయి. ఇత్తడి, కంచు పనికి పేరుపడ్డ బుడితి మన జిల్లాలోనే ఉంది. సుత్తి దెబ్బల ఆనవాలు ఉన్న పాత గంగాళం ఒక్కటి ఖాళీ మూలలో నిలబడితే అది శిల్పమే, దానికి వేరే బొమ్మ తోడు అక్కరలేదు. అయితే పండగ వచ్చిందంటే చింతపండు పట్టించి తళతళలాడించే అలవాటు ఒకటుంది. వంటపాత్రకు అది మంచిదే. పాత కంచు బొమ్మకు మాత్రం ఏళ్ల తరబడి పట్టిన ముదురు గోధుమరంగు పొర రక్షణ కవచం. పులుపులోని ఆమ్లం ఆ పొరనూ, దానితోపాటు సన్నని చెక్కడపు గీతలనూ అరగదీస్తుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు. చిలుములోనూ తేడా ఉంది: గట్టిగా అంటుకుని ఉన్నది ప్రమాదం కాదు, లేత ఆకుపచ్చ పొడిగా రాలేది మాత్రం జబ్బు. గాలిలోని ఉప్పు, చెమ్మ కలిసి లోహాన్ని లోపలి నుంచి తింటున్నాయని దానికి అర్థం. కళింగపట్నం, బారువ వంటి తీరపు ఊళ్లలో ఉన్నవారు అటువంటి బొమ్మను విడిగా, పొడిచోట ఉంచి, తెలిసినవారికి చూపించాలి. చెక్క బొమ్మలకు చెదలు, పుచ్చు చూసుకుంటూ ఉండాలి, గోడకు ఆనించకూడదు.

ఆధునిక శిల్పం అనగానే కొందరు పెదవి విరుస్తారు. ఫైబర్ అంటే చవకబారు సరుకని ఒక అభిప్రాయం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో శిల్పం బోధించిన జి. రవీందర్ రెడ్డి గారు ఆ ఫైబర్ గ్లాసుతోనే పెద్ద పెద్ద కళ్లతో, కొప్పులో పూలతో, మెరిసే పూతలతో మన స్త్రీల శిరస్సులను మలచి ప్రపంచానికి చూపించారు. తప్పు పదార్థంలో లేదు. అచ్చులో పోసి వందలకొద్దీ తీసిన బుద్ధుడి తలకాయల్లో ఉంది. ఎండ తగిలే బాల్కనీలో ఫైబర్ బొమ్మ రంగు వెలుస్తుంది. డాబా మీద ఏది పెట్టినా అడుగున బోల్టులతో బిగించాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గాలి ఏం చేయగలదో మన జిల్లా చూసింది.

మూడు కాలాల వస్తువులనూ ఒకే గదిలో కలపాలంటే వాటి మధ్య ఏదో ఒక చుట్టరికం ఉండాలి, అది లోహమో రంగో ఎత్తో కావచ్చు. పాత సెమ్మె పక్కన నేటి ఇత్తడి రేకు శిల్పం ఒదుగుతుంది. దాని పక్కనే ఎర్రటి ప్లాస్టిక్ జింకను పెడితే మూడూ పోట్లాడుకుంటాయి. దేవతామూర్తుల విషయంలో ఇంట్లో పెద్దల మాట వినండి. పూజలో ఉన్నదానిని షోకేసులోకి, షోకేసుకు కొన్నదానిని పూజలోకి మార్చవద్దు. చెయ్యి విరిగిన మూర్తిని అలంకారంగా ఉంచడానికి అమ్మమ్మ ఒప్పుకోకపోతే ఆ ఇంట్లో దానికి చోటు లేనట్టే.

చివరగా ఒక విన్నపం. కొత్త ఇల్లు కట్టేవారు ప్లాను గీసే దశలోనే ఒక గోడను ఇందుకు వదిలి, స్విచ్చు పాయింటు ఎక్కడ రావాలో ఎలక్ట్రీషియనుకు ముందే చెప్పి, ఆ గోడ కొలతలూ కిటికీ దిక్కూ పట్టుకుని శిల్పి దగ్గరకు వెళ్లండి. సంతకం, సంవత్సరం, వాడిన పదార్థం కాగితం మీద రాయించుకోండి. మీ మనవలు దానిని పాతకాలపు వస్తువు అని పిలిచే నాటికి, ఎవరు చేశారని ఎవరైనా అడిగితే ఆ కాగితం పనికొస్తుంది. నమస్కారం.