తుపాను బలహీనపడిందా? అయితే ఇప్పుడే భయపడాలి!

టీవీలో "తుపాను బలహీనపడింది" అని స్క్రోలింగ్ రాగానే మన నెల్లూరులో ఏమవుతుందో చూస్తూనే ఉన్నారు కదా. టీ అంగట్లో అందరిదీ ఒకటే మాట, "హమ్మయ్య, గండం గడిచింది" అని. కొంపలు ముంచేది ఆ మాటే! మళ్లీ చెప్తున్నా, మన జిల్లాకు అసలు శత్రువు బలహీనపడిన తుపానే.

2021 నవంబర్ గుర్తుందా అన్నా? పెన్నా మీది సోమశిల డ్యామ్ నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాల్లో వేలాడాయి. హైవే కోతపడింది. ఇంత చేసిన దాని పేరేంది? చెప్పండి చూద్దాం! పేరే లేదు. ఎందుకంటే అది తుపాను స్థాయికి కూడా రాలేదు, ఉత్త వాయుగుండం!

గాలి గంటకు 60 కిలోమీటర్లు దాటితేనే తుపాను అని పేరు పెడతారు. అంతా గాలి లెక్క. ఎంత వాన పోస్తుందో ఆ పేరు చెప్పదు. గాలి తగ్గితే మేఘంలో నీళ్లు కూడా తగ్గినట్టా? పైగా నెట్టే గాలులు లేకపోతే అది కదలదు, ఒకేచోట నిలబడి గంటల తరబడి కుమ్మరిస్తుంది.

2025 నవంబర్ చివర్లో వచ్చిన దిత్వా తుపానునే తీసుకోండి. దానికి "తీవ్ర" అనే మాట కూడా తగిలించలేదు. అయినా శ్రీలంకలో 600 మందికి పైగా చనిపోయారు. కొండచరియలు ఇళ్ల మీద పడ్డాయి, కెలని నది కొలంబో శివార్లను ముంచేసింది. ద్వీపం మీద అంత వాన పడితే జనం ఎటు పోతారు? ఆ తర్వాత అది బలహీనపడి మన తీరం వైపే వచ్చింది, మనమేమో సంబరపడ్డాం.

మన ద్వీపం సంగతి ఎవరికైనా పట్టిందా? పులికాట్ సరస్సులో ఇరకం దీవి. పాత నెల్లూరు జిల్లాలోది, 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు. వాళ్లు ఆస్పత్రికి పోవాలన్నా పడవే దిక్కు. పైనుంచి కాళంగి నది వరద సరస్సులోకి దిగుతుంది. ఆ నీళ్లు సముద్రంలోకి పోవాల్సిన రాయదొరువు, తూపిలిపాళెం ముఖద్వారాల్లో ఇసుక మేట! అదే సమయంలో సముద్రం పోటెత్తితే సరస్సు నీళ్లు బయటికి పోలేవు. అవి ఎక్కడికి ఎక్కుతాయి? దీవి మీదికి. పూడిక తీస్తామన్న మాట ఏళ్లుగా వింటున్నాం, నాకైతే ఒళ్లు మండుతోంది.

రెడ్ అలర్ట్ ఇస్తున్నారు కదా అంటారు. జిల్లా మొత్తానికి ఒకటే రంగు అన్నా! కృష్ణపట్నం పోర్టులో ఓడల కోసం ప్రమాద హెచ్చరిక నంబర్ ఎగరేస్తారు కదా, నీళ్లకు కూడా అలాంటి నంబర్ ఒకటి పెట్టండి. ప్రతి తీర పంచాయతీ ఆఫీసు మీదా, ఇరకం రేవులోనూ ఎగరేయండి. గాలి తగ్గింది కదా అని దాన్ని దించొద్దు, సరస్సు నీళ్లు తగ్గాకే దించండి. ఇదే నా డిమాండ్, కలెక్టర్ ఆఫీసుదాకా పోయేలా ఈ వీడియో షేర్ చేయండి.

ఇరకం వాళ్లు, తూపిలిపాళెం వాళ్లు, కోవూరు వాళ్లు, "బలహీనపడింది" అని చెప్పాక మీ ఊళ్లోకి నీళ్లు ఎంతదాకా వచ్చాయో కామెంట్లో రాయండి. ఫొటోలుంటే పంపండి, తర్వాతి వీడియోలో ఊరి పేరుతో సహా చూపిస్తా.