కాలు గుంజుతుంటే మంచం పట్టకండి

అందరికీ నమస్కారం. ఇంకొన్నాళ్లలో వానాకాలం నాట్లు మొదలవుతాయి. నడుములకు పని పడే ముందే మాట్లాడుకుందామని మిమ్మల్ని పిలిచాం. వచ్చినందుకు సంతోషం.

మన ఉమ్మడి నల్లగొండలో నడుము నొప్పి అంటే పనుల సంగతే. మిర్యాలగూడ మిల్లుల్లో బస్తాలెత్తే హమాలీలు, పుట్టపాకలో పొద్దంతా గుంట మగ్గం మీద కూర్చునే నేతన్నలు, మునుగోడు చేలల్లో వంగి పత్తి ఏరే అక్కలు. ఎవరి పని వాళ్లదే అయినా మా దగ్గరికి వచ్చి అందరూ అడిగేది ఒక్కటే: "సార్, కరెంటు పెడితే తగ్గుతదా?" అంటే, నొప్పి ఉన్నచోట మిషన్‌తో సన్నగా కరెంటు పట్టించే చికిత్స.

ముందు ఆ నొప్పేమిటో చూద్దాం. పిరుదులో మొదలై తొడ వెనక నుంచి పిక్క మీదుగా పాదం దాకా జివ్వున గుంజుతుంటే దాన్ని సయాటికా అంటాం. సయాటిక్ నరం మన ఒంట్లో అన్నిటికన్నా లావైన నరం. నడుము కింది భాగంలో పూసల మధ్య నుంచి వచ్చే నరాల వేర్లు కలిసి ఆ నరం అవుతాయి. పూసల మధ్య మెత్తటి బిళ్లలా ఉండే డిస్క్ ఉబ్బి ఒక వేరును ఒత్తిందంటే, అక్కడ వాపు వచ్చిందంటే, నొప్పి కాల్లో తెలుస్తుంది. ఈ సంబంధాన్ని 1934లో అమెరికాలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు స్పష్టంగా చూపించారు.

డిస్క్ అనగానే ఆపరేషనే అని హడలిపోతారు. చాలామందికి ఉబ్బిన ముక్కను శరీరమే మెల్లగా కరిగించుకుంటుంది. ఎక్కువ మందికి 6 నుంచి 12 వారాల్లో కత్తి పడకుండానే నొప్పి బాగా తగ్గుతుంది. ఎంఆర్‌ఐ రిపోర్టు చూసుకుని టెన్షన్ పడొద్దు. 2015లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో ఏ నొప్పీ లేని 20 ఏళ్ల వాళ్లలోనే 37 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపించింది. 80 ఏళ్ల వాళ్లలో అది 96 శాతం.

ఇక కరెంటు సంగతి. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ 2016లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కరెంటు, అల్ట్రాసౌండ్ (శబ్ద తరంగాల) చికిత్స, ట్రాక్షన్ అంటే నడుమును సాగదీయడం, బెల్టు, ఇవేవీ ఈ నొప్పికి ఇవ్వొద్దని చెప్పింది. వ్యాయామానికే మొదటి స్థానం ఇచ్చింది. వేడి కాపడం హాయిగా ఉంటే ఇంట్లోనే పెట్టుకోండి. రోజు కూలీ పోగొట్టుకుని, ఆటో కిరాయి పెట్టుకుని వచ్చి, ఒక్క వ్యాయామం కూడా నేర్చుకోకుండా కరెంటు పెట్టించుకుని వెళ్లిపోయేవాళ్లను చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మరి ఏం చెయ్యాలి? 1956లో న్యూజిలాండ్‌లో రాబిన్ మెకెంజీ అనే ఫిజియోథెరపిస్టు దగ్గరికి కాలి నొప్పితో ఒకాయన వచ్చాడు. తలవైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద పొరపాటున బోర్లా పడుకున్నాడు. నడుము వెనక్కి బాగా వంగిపోయింది. మెకెంజీ వచ్చి చూసేసరికి కాలి నొప్పి పోయిందన్నాడు. నడుమును వెనక్కి వంచే మెకెంజీ పద్ధతి అక్కణ్ణుంచి మొదలైంది.

మీరు చాప మీద బోర్లా పడుకోండి. రెండు మూడు నిమిషాలు ఊరికే ఉండండి. తర్వాత మోచేతుల మీద లేవండి. అది కుదిరితే అరచేతులు ఆనించి ఛాతీ పైకి లేపండి. నడుమును మాత్రం బిగించకుండా కిందికి వదిలెయ్యండి. ఇలా పదిసార్లు. రెండు మూడు గంటలకోసారి. చేస్తున్నప్పుడు నొప్పి ఎటు పోతోందో గమనించాలి, అసలు విషయం అదే. పిక్కలోది తొడకు, తొడలోది నడుముకు వస్తే బాగవుతున్నట్టే. అప్పుడు నడుములో కాస్త ఎక్కువైనా భయపడొద్దు. ఒక పత్తి కూలీ అక్క ఇలా లేస్తూ లేస్తూ, "పాదం నిమ్మళమైంది, నడుములకు వచ్చింది సార్" అని కంగారుపడింది. అది మంచి కబురమ్మా అని చెప్పాను. నొప్పి కిందికి దిగుతుంటే మాత్రం వెంటనే ఆపెయ్యండి, ఆ వ్యాయామం మీకు పడదు.

నొప్పి కాస్త నెమ్మదించాక కుర్చీలో కూర్చుని కాలు చాపుతూ తల పైకెత్తండి, మడుస్తూ తల దించండి. నరం సులువుగా కదలడానికి ఇది. తర్వాత వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి పిరుదులు లేపడం. ఓర్చుకోగలిగినంత నడక మొదటి రోజు నుంచే ఉండాలి. ఒకటి రెండు రోజులకు మించి మంచం మీద ఉంటే నడుము ఇంకా బిగుసుకుపోతుంది.

పెద్దవాళ్లకు ఒక మాట. నడిస్తే కాళ్లు లాగి, కూర్చుంటే, ముందుకు వంగితే హాయిగా ఉంటోందంటే వెన్నులో నరాలు వెళ్లే కాలువ ఇరుకైనట్టు అనుమానించాలి. అలాంటివాళ్లకు బోర్లా లేచే వ్యాయామం సరిపడకపోవచ్చు. మర్రిగూడ వైపు ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవాళ్ల వెన్ను కర్రలా బిగుసుకుని ఉంటుంది, లోపల నరాలు నలుగుతుంటాయి. వాళ్ల నడుము తొక్కించడం, విరిపించడం అస్సలు చెయ్యొద్దు. కాలు మొద్దుబారిపోతే పరుగున డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి.

మూత్రం ఆగిపోయినా, మలమూత్రాల మీద అదుపు తప్పినా, కూర్చునే చోట స్పర్శ పోయినా తెల్లారేదాకా ఆగొద్దు. అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పోవాలి. పాదం లేవక చెప్పు జారిపోతుంటే ఆ రోజే చూపించుకోవాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రుళ్లు వదలని నొప్పి ఉంటే వెన్ను టీబీ కావచ్చు, పరీక్ష చేయించాలి. ఇవి వ్యాయామంతో తగ్గేవి కావు.

నేతన్నలూ, అరగంటకోసారి గుంటలోంచి లేచి నడుము వెనక్కి వంచండి. నాట్లేసే అక్కలూ, గట్టు మీదికి వచ్చినప్పుడల్లా అదే చెయ్యండి. ఇప్పుడు చాపలు పరుస్తున్నాం. కాలు గుంజుతున్నవాళ్లు ముందు రండి, ఒక్కొక్కరిని చూస్తాను.