పాట ఎందుకు తెగుతోంది? ఈ మినీ పీసీలో ఇంటరప్ట్‌లు చూడండి

నమస్తే అండి. ఈ చిన్న బాక్స్ కంపెనీ వాళ్లే ఉచితంగా పంపారు, డబ్బులేమీ తీసుకోలేదు. స్పెక్స్ ఈపాటికే వేరే వీడియోల్లో చూసేసి ఉంటారు, వాటి జోలికి వెళ్లను. వేడెక్కదు, ఫ్యాన్ చప్పుడు లేదు. బాగుంది.

నన్ను నాలుగు రోజులు కూర్చోబెట్టింది వేరే సంగతి. లైనక్స్ వేసి, యూఎస్‌బీ ఆడియో బాక్స్ తగిలించి పాట పెట్టాను. హాయిగా మోగుతోంది. నెట్‌వర్క్ మీదుగా పెద్ద ఫైల్ కాపీ మొదలుపెట్టానో లేదో, టక్, టక్, టక్. ఇదిగో వినండి. మొత్తమ్మీద సీపీయూ ఖాళీగానే ఉంది, పాట మాత్రం తెగిపోతోంది!

ఇంటరప్ట్ అంటే "నా పని చూడు" అని పరికరం ప్రాసెసర్‌ని పిలవడం. ఏ కోర్‌కి ఎన్ని పిలుపులు వచ్చాయో లెక్క చూపే ప్రాక్ ఇంటరప్ట్స్ ఫైల్‌ని టెర్మినల్‌లో తెరిచాను. కోర్‌కి ఒక కాలమ్. నెట్‌వర్క్ చిప్ వరస చూడండి, మొదటి కాలమ్‌లో అంకె పరిగెడుతోంది, మిగతా మూడూ సున్నాలు. కింద యూఎస్‌బీ వరస కూడా ఆ మొదటి కాలమ్‌లోనే! నాలుగు కోర్లు పెట్టుకుని భారమంతా ఒకదాని నెత్తినే.

ప్యాకెట్ రాగానే చిప్ ఇంటరప్ట్ కొడుతుంది. ప్రాసెసర్ చేస్తున్న పని అక్కడే వదిలేసి ఆ పిలుపు అందుకునే కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) హ్యాండ్లర్‌లోకి వెళ్తుంది. ఆ హ్యాండ్లర్ చాలా పొట్టిది. చిప్‌కి "అందింది" అని చెప్పి, దాని ఇంటరప్ట్‌ని కాసేపు ఆపి, అసలు పనిని సాఫ్ట్‌ఐఆర్‌క్యూకి, అంటే కాస్త ఆగి ఆ పని చేసే కర్నెల్ భాగానికి, అప్పగించి బయటపడుతుంది. మొదటిది టాప్ హాఫ్, రెండోది బాటమ్ హాఫ్. విండోస్‌లోనూ ఇలాంటి ఏర్పాటే, అక్కడ రెండో సగాన్ని డీపీసీ అంటారు. నాకు ఈ పద్ధతంటే ప్రాణం అండి. ప్యాకెట్లు వరదలా వచ్చినా ఒక్కోదానికి ఒక్కో ఇంటరప్ట్ తీసుకోనక్కర్లేదు, నాపీ అనే పద్ధతిలో కర్నెలే వెళ్లి విడతకి 64 ప్యాకెట్ల దాకా తెచ్చుకుంటుంది.

కానీ ఆ రెండో సగం కూడా మామూలుగా ఇంటరప్ట్ పడిన కోర్ మీదే నడుస్తుంది. ఆడియోకి దెబ్బ అక్కడే. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శబ్దపు ముక్కలు (శాంపిళ్లు) చొప్పున, 64 శాంపిళ్ల బఫర్ (ముందుగా నింపుకునే నిల్వ) అంటే 1.33 మిల్లీసెకన్లు. నెట్‌వర్క్ పని తెమిలేదాకా యూఎస్‌బీ పని వెనక నిలబడితే ఆ గడువు దాటిపోతుంది, మనకి టక్ అని వినబడుతుంది.

నా పాత కంప్యూటర్‌లో ఇంటరప్ట్‌లు చేరవేసే 8259 చిప్‌లు రెండు కలిపినా వాడుకోవడానికి 15 ఇంటరప్ట్ లైన్లే. సౌండ్ కార్డ్ జంపర్ 5వ లైన్‌లో కాకుండా 7లో పెడితే ప్రింటర్‌తో గొడవ. అప్పుడు లైన్లే లేవు, సర్దుకున్నాం. ఇప్పుడు ఎంఎస్‌ఐ ఎక్స్ అనే పద్ధతి ఉంటే ఒక్క పరికరం 2048 వెక్టర్ల (విడివిడి ఇంటరప్ట్‌ల) దాకా తీసుకోవచ్చు. ఈ నెట్‌వర్క్ చిప్ తీసుకున్నది ఒకే ఒక్కటి! ఒళ్లు మండింది నాకు.

సరే, ఇంటరప్ట్‌లని కోర్లకి పంచే ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ సర్వీస్ ఆపేసి, నెట్‌వర్క్ చిప్ ఇంటరప్ట్ ఏ కోర్‌కి వెళ్లాలో చెప్పే ఎస్ఎంపీ అఫినిటీ ఫైల్లో 4 అని రాశాను. అక్కడ నాలుగు కోర్లకి గుర్తులు వరసగా 1, 2, 4, 8, అంటే మూడో కోర్‌కి పంపినట్టు. మళ్లీ కాపీ పెడుతున్నా... విన్నారా? ఒక్క టక్ లేదు! నాలుగు రోజుల తర్వాత ఈ పాట పూర్తిగా వినడం ఇదే మొదలు.

అయినా నా మాట, ఆడియో పనికైతే దీన్ని కొనకండి. ఆ 4 రీబూట్‌తో పోతుంది, స్క్రిప్ట్ మీరే రాసుకోవాలి. ఇప్పుడే రీబూట్ చేసి చూపిస్తాను, మొదటి కాలమ్ మీదే కన్నేసి ఉంచండి.