ఈ దీపం, ఆ విగ్రహం.. లోపల ఏముందో తెలుసా?

హాయ్ అందరికీ, ఇప్పుడు మనం హైదరాబాద్ సెక్రటేరియట్ దగ్గరున్నాం. ఇటు 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం, అటు లుంబినీ పార్క్ వైపు మెరుస్తున్నది తెలంగాణ అమరవీరుల స్మారకం, అదే స్టీల్ దీపం. రెండూ 2023లోనే ఓపెన్ అయినయ్, ఏప్రిల్‌లో విగ్రహం, జూన్‌లో దీపం. సెల్ఫీలు ఎలాగూ అందరం దిగుతాం, ఇవాళ లోపలి సంగతి మాట్లాడుకుందాం.

ముందు విగ్రహం. శిల్పి రామ్ సుతార్, గుజరాత్‌లో 182 మీటర్ల పటేల్ విగ్రహం డిజైన్ చేసింది కూడా ఆయనే. కింద నుంచి చూస్తే మొత్తం కంచే అనిపిస్తది గానీ కాదు, లోపల స్టీల్ ఫ్రేమ్, పైన కంచు తొడుగు. అసలు తలనొప్పి ఇక్కడే. డిగ్రీ వేడి పెరిగితే మీటరు పొడవు స్టీల్ సుమారు 12 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు) సాగుతది, కంచు 18 దాకా సాగుతది. ఇంతేనా అంటారేమో, విగ్రహం 38 మీటర్లు, చలికాలం తెల్లవారుజాముకీ మే నెల మధ్యాహ్నానికీ లోహంలో 40 డిగ్రీల తేడా వేసుకోండి, తొడుగుకీ ఫ్రేముకీ మధ్య 9 మిల్లీమీటర్లు తేడా వస్తది! బోల్టులేసి గట్టిగా బిగించేస్తే రేకు ఉబ్బుతది, లేదా అతుకు దగ్గర పగులుతది. అందుకే ఇలాంటి వాటిల్లో తొడుగు కొంచెం కదలనిచ్చేలా పట్టుకోవాలి.

ఈ కిటుకు పాతదే. అమెరికా స్టాచ్యూ ఆఫ్ లిబర్టీ, 1886ది, దాని రాగి రేకు మందం 2.4 మిల్లీమీటర్లే, లోపలి ఇనుప ఫ్రేమ్ ఐఫిల్ టవర్ ఐఫిల్ గారిది, రేకు జారేలా సన్నటి ఇనుప పట్టీలకు తగిలించారు. కానీ రాగి, ఇనుము, సముద్రపు తేమ మూడూ కలిసేసరికి పట్టీలు తుప్పు పట్టి ఉబ్బినయ్, 1986 వందేళ్ల పండగలోపు వాటిని తీసేసి ఎక్కువగా స్టెయిన్‌లెస్ స్టీల్‌వి వేశారు.

ఇక మన దీపం. దీన్ని చూస్తే నాకు ముందు గ్రైండింగ్ చేసినోళ్లే గుర్తొస్తారు భయ్యా. రేకులు వెల్డింగ్ చేసి, అతుకు గ్రైండ్ చేసి, బఫింగ్ కొట్టి కొట్టి అసలు అతుకే లేనట్టు చేయాలి. వెల్డింగ్ వేడికి రేకు కాస్త వంకరపోయినా అద్దంలాంటి పాలిష్‌లో ఎదురుగా ఉన్న లైటు స్తంభం మెలికలు తిరిగి కనిపిస్తది, దాచలేరు. ఇంకోటి, మామూలు ఇనుము మీద వాడిన గ్రైండింగ్ డిస్క్ దీని మీద పెడితే ఇనుప రజను అతుక్కొని కొన్నాళ్లకి గోధుమరంగు చుక్కలొస్తయ్, చూసినోళ్లు స్టెయిన్‌లెస్‌కి తుప్పేంట్రా అని స్టీల్‌నే తిడతారు.

నాకున్న కంప్లైంట్ ఒక్కటే, శిల్పి పేరు అందరికీ తెలుసు, ఆ ఫ్రేమ్ లెక్కలు కట్టిన ఇంజినీర్లెవరో ఎవరూ చెప్పుకోరు. ఒక అతుకు ముక్క కోసి, లోపలి ఫ్రేమ్ కనిపించేలా పక్కన పెడితే టికెట్ కొని మరీ చూస్తా. సరే, మీరొస్తే సాయంత్రం రండి, మే నెల మధ్యాహ్నం రెండింటికొస్తే ఆ దీపం వైపు కళ్లెత్తి చూడలేరు.